గాలిమిట్ట కుళాయి చెప్పిన మాట

రెండో రోజు

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. నిన్న మొదలుపెట్టాల్సింది, నిన్న వదిలేశాను కూడా. కాగితం లేక కాదు, నాతో పనిచేసే నాగవేణి ఇచ్చిన నోటుపుస్తకం ఉంది. పెన్సిలూ ఉంది. కానీ డెబ్బై ఒకటో ఏట ఒక మనిషి తన గురించి తాను రాసుకుంటూ కూర్చున్నాడంటే, అంతకుముందే అతని గురించి ఇంకెవరో ఏదో చెప్పేశారన్నమాట. నా విషయంలో చెప్పింది కుళాయి.

మా గాలిమిట్ట కుళాయికి పక్కన ఒక ఇనుప పలక ఉంటుంది. దానిమీద అరచెయ్యి ఆనిస్తే అది మనిషిని గుర్తుపట్టి, ఆ ఇంటి వంతు నీళ్లు వదులుతుంది. వదిలే ముందు పేరు చెబుతుంది. పేరు తర్వాత, ఆ మనిషి గురించి ఊరికి తెలియాల్సిన ఒకే ఒక్క మాట, వరుసలో ఉన్న అందరికీ వినపడేలా చెబుతుంది. వాన అనేది పోయి అరవై ఏళ్లయిన ఊళ్లో, ఎవరు తాగుతున్నారో ఊరికి తెలిసి ఉండాలని పెద్దలు పెట్టిన పద్ధతి. గొంతు ఎప్పుడో చనిపోయిన ఒక పంతులమ్మది. తిట్టినా పద్యం చదివినట్టే ఉంటుంది.

ముప్పై ఏళ్లుగా ఆ గొంతు నా గురించి చెబుతున్నది: "వన్నూరప్ప. మబ్బు మీదికి పోయి చూసి వచ్చినవాడు." రోజూ వినేదే అయినా, రోజూ కొంచెం ఛాతీ విరిచి వినేవాణ్ణి. నిన్న ఉదయం అదే గొంతు, అదే మర్యాదతో: "వన్నూరప్ప. తాగిన మత్తులో పదిహేను ఇళ్ల నీళ్లు పారబోసినవాడు." తర్వాత నీళ్లు వదిలింది. వంతులో చుక్క తగ్గించలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

కొత్త మాట పడ్డాక నలభై రోజుల గడువుంటుంది. ఆ నలభై రోజుల లోపల మూడుసార్లు, పడినవాడు వచ్చి తన సంగతి తాను చెప్పుకోవచ్చు. ముగ్గురు కూర్చుని వినాలి, వాళ్లలో ఒకరు నష్టపోయినవాళ్లయి ఉండాలి. తర్వాత ఆ ముగ్గురూ విడివిడిగా, ఒకరిది ఒకరికి వినపడకుండా, తాము విన్నది కుళాయికి తిరిగి చెప్పాలి. ముగ్గురి మాటల్లో ఏది కలిస్తే అదే నిలుస్తుంది. దీన్ని తిరుగుమాట అంటాం. మనిషి ఏం చెప్పాడన్నది కాదు, విన్నవాళ్లకు ఏం మిగిలిందన్నదే లెక్క.

నలభై దాటితే పడిన మాట శాశ్వతం. పైగా ఇంటికంతటికీ అదే మాట. తన నోటితో చెప్పుకున్నదైతే చెప్పుకున్నవాడి మీదే ఆగుతుంది, ఊరు వేసినదైతే ఇంటిల్లిపాదికీ అంటుతుంది. మా ఇంట్లో ఇంకొకరు నా భార్య తిమ్మక్క. ఆమె మాట: "ఈ ఊళ్లో నూట ముప్పై మందికి మొదటి స్నానం చేయించిన చెయ్యి." మంత్రసాని పనిలో ఆమె సంపాదించుకున్నదల్లా ఆ ఒక్క వాక్యం. ఇంకో ముప్పై ఎనిమిది రోజుల్లో అది పోయి, దాని స్థానంలో తాగుబోతు పెళ్లాం అని వస్తుంది.

మూడో రోజు

నన్ను మబ్బుల పని నుంచి తీసేశారు. వలలు శుభ్రం చేసే పని ఇచ్చారు. ఈరోజు వలల్లోంచి ఏరిన రెక్కపురుగులు రెండు చేటల నిండా వచ్చాయి.

మాకు పదహారు మబ్బుసంచులున్నాయి. సాయంత్రం గిలక తిప్పి తాడు వదిలితే గొర్రెల్లా ఒకదాని వెనక ఒకటి గుట్ట మీదికి ఎగురుతాయి. రాత్రంతా పైన మంచులో మేస్తాయి. కింద వేలాడే వలల్లో పట్టిన మంచు చుక్కలై, చుక్కలు తిత్తిలోకి కారి, తెల్లవారేసరికి తిత్తి నిండుతుంది. గిలక లాగితే దిగివస్తాయి. తిత్తి మూత తిప్పి తొట్టిలోకి నీళ్లు దించుకుంటాం. యాభై ఏళ్లు నేను చేసిన పని ఇదే. అందరికంటే పెద్దదైన గంగసంచి ఒక్కటే పదిహేను ఇళ్లకు మూడు రోజుల నీళ్లు తెస్తుంది.

ఆ గంగసంచి నీళ్లే పోయాయి. నాలుగు రోజుల కిందట, తెల్లవారుతుండగా, కాపలా నాది. నీళ్లు రాళ్లపాలు. నేను గిలక పక్కన మోకాళ్ల మీద కూర్చుని వాంతి చేసుకుంటున్నాను. తన వంతు కోసం మొదట వచ్చింది సుంకమ్మ. ఆమెది పట్టుపురుగుల ఇల్లు. పట్టుపురుగు పొర విడిచే ప్రతిసారీ దానికి జ్వరం వచ్చిందంటారు. అలా నాలుగో జ్వరం దాటి లేచిన పురుగు ఆకలితో ఉంటుంది, అయినా వాడిన ఆకు ముట్టదు. నీళ్లు లేక సుంకమ్మ మల్బరీ మూడు రోజులు వాడింది. పురుగులు ఒక పంటంతా పోయాయి.

ఆ తెల్లవారి ఆమె నన్ను చూసి అడిగింది ఒకటే: "ఏమన్నా, తాగినావా?"

నేను తలూపాను.

తాగలేదు. ఎందుకు ఊపానో ఈ పుస్తకానికి కూడా ఇప్పుడప్పుడే చెప్పను. పుస్తకాలకు నోరు లేదని నమ్మకం ఏమిటి? ఇనుప పలకకే వచ్చింది.

ఐదో రోజు

తిమ్మక్క నాతో మాట్లాడటం లేదు. వంటసామానుతో మాట్లాడుతున్నది. "చెంబూ, సంగటి అయిందని చెప్పు." చెంబు చెప్పదు, నేను వచ్చి కూర్చుంటాను. "గరిటే, ఇంకొంచెం పులుసు కావల్నేమో అడుగు." నేను గరిటెకే వద్దని చెబుతాను. ఇద్దరం ముసలివాళ్లం, మా మధ్య ఇన్ని పాత్రలు పనిచేయడం ఇదే మొదటిసారి.

ఆమె తండ్రి తాగి తాగి పోయాడు. పెళ్లికి ముందు ఆమె నన్ను అడిగింది ఒకే మాట, తాగనని. సంఘటన జరిగిన రోజు నేరుగా అడిగింది కూడా. లేదన్నాను. మరి సుంకమ్మ దగ్గర ఎందుకు తలూపావంది. దానికి జవాబు ఉంది, కానీ బయటికి తీసేది కాదు. అప్పటినుంచి చెంబు.

తొమ్మిదో రోజు

ఈరోజు మొదటి తిరుగుమాట. కూర్చున్న ముగ్గురు: నష్టపోయిన మనిషిగా సుంకమ్మ, నాతో పాటు ముప్పై ఏళ్లు తాడు పట్టిన ఉలిగన్న, మూతలూ తిత్తులూ మరమ్మతు చేసే నాగవేణి. చూడటానికి ఊళ్లో సగం. ఊరికే వచ్చే వినోదం మా ఊళ్లో తక్కువ.

నేను అనుకున్నది, గాలి తప్పు అని చెబుదామని. ఆ తెల్లవారి ఈశాన్యం నుంచి ఒక అడ్డగాలి కొట్టిందనీ, సంచి ఊగిందనీ, తిత్తి ఒలికిందనీ. చిన్న సంగతి. కానీ అడ్డగాలిని వినేవాళ్లు నమ్మాలంటే గాలుల గురించి నాకు తెలుసని ముందు నమ్మాలి కదా. అందుకని నేను చదువు ఎలా నేర్చుకున్నానో చెప్పాను. బడికి పోలేదు. మా మామ ఇంట్లో ఒక పంపుసెట్టు వాడుక పుస్తకం ఉండేది, అక్షరాలు అందులోనే నేర్చుకున్నాను. నేను మొదట చదివిన వాక్యం: హెచ్చరిక, తడిచేతులతో ముట్టరాదు. ఆ పుస్తకంలో రెండో సగం మామ మేక తినేసింది. అందువల్ల పంపు ఎలా మొదలుపెట్టాలో నాకు బాగా తెలుసు, ఎలా ఆపాలో ఇప్పటికీ తెలియదు. ఆ మేక ఎలాంటిదంటే... అలా అలా పొద్దెక్కింది. అడ్డగాలి ఎక్కడ కొట్టిందో నాకే సరిగ్గా గుర్తులేదు. పిల్లికూన కథకూ దొడ్డి గోడ కథకూ మధ్య ఎక్కడో కొట్టే ఉంటుంది.

ముగ్గురూ ఒక్కొక్కరే వెళ్లి కుళాయికి తిరిగి చెప్పి వచ్చారు. పంతులమ్మ గొంతు తీర్పు చదివింది: "ముగ్గురి మాటల్లో కలిసినది ఒక్కటే. మేక పుస్తకంలో సగం తిన్నది."

పదో రోజు

నిలిచిన మాటను చేర్చాలి, పడిన మాటను గడువు దాకా తీయకూడదు. పద్ధతి అది. కాబట్టి ఈ ఉదయం: "వన్నూరప్ప. తాగిన మత్తులో పదిహేను ఇళ్ల నీళ్లు పారబోసినవాడు. ఇతని పుస్తకంలో సగం మేక తిన్నది."

బిందె నిండేదాకా ఎవరూ నవ్వలేదు. నిండాక నవ్వారు. మా వీధి చివర ఉండే ఒకాయన రెండోసారి వినడానికని మళ్లీ వరుసలో నిలబడ్డాడు. ఆయన వంతు అప్పటికే అయిపోయింది.

ఇంటికొస్తే తిమ్మక్క రోటితో అంటున్నది: "రోలూ, మేక కూడా తాగిందేమో కనుక్కో."

పదిహేనో రోజు

రెక్కపురుగులు ఒక చేట. మంచు తక్కువగా ఉంది. సుంకమ్మ కొత్త గుడ్లు తెప్పించుకుంది, గంపల్లో పరిచింది. దారిలో ఎదురైతే పలకరించలేదు. పురుగులు పోయినందుకు ఏడ్చిందని ఉలిగన్న చెప్పాడు. సుంకమ్మ ఏడవడం నేను ఊహించలేను. ఆమె కోళ్లను పిలవడం అవతల ఊరికి వినపడుతుంది. అలాంటి గొంతు ఏడిస్తే నాకు వినపడకుండా ఎలా ఉంది?

ఇరవై రెండో రోజు

రెండో తిరుగుమాట. ఈసారి తెలివిగా చేశాను. మేక లేదు, మామ లేదు. మూడు వాక్యాలు తయారు చేసుకుని, వలలు ఉతుకుతూ కంఠస్థం చేశాను. సంచి దిగింది. తిత్తి మూత దానంతటదే ఊడింది. నీళ్లు పోయాయి, నాకు కళ్లు తిరిగాయి. ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా అప్పజెప్పాను.

ముగ్గురూ వెళ్లి తిరిగి చెప్పారు. ముగ్గురివీ అచ్చంగా కలిశాయి. జనంలో గుసగుస. తిమ్మక్క వెనక వరుసలో నిలబడి ఉంది, ఆమె భుజాలు కొంచెం దిగడం చూశాను. గెలిచాననుకున్నాను.

అప్పుడు కుళాయి అడిగింది: "ఆ మూత ఆఖరున బిగించిన చెయ్యి నాగవేణిది. ఈ మాట నిలిస్తే ఆ తప్పు నాగవేణికి చేరుతుంది. చెప్పినవారికి సమ్మతమేనా?"

నేను ఇది ఆలోచించలేదు. దేవుడి తోడు, ఆలోచించలేదు. మూతకు చెయ్యి ఉంటుందని నాకు తట్టలేదు. నాగవేణికి ముప్పై ఏళ్లు. ఈ ఊళ్లో నా మబ్బు కథలు వింటూ పెరిగిన పిల్లల్లో అందరికంటే ఎక్కువ విన్నది ఆమే. పైనుంచి చూస్తే ఎండిన పెన్నేరు వెండి మొలతాడులా మెరుస్తుందని నేను చెబితే, సంచుల పని తప్ప ఇంకో పని చేయనని కూర్చుంది.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తన చేతులకేసి చూసుకుంది. "రెండు సుట్లు ఎక్కువే బిగిస్తా తాతా, ఎప్పుడూ," అంది మెల్లగా. "ఆ పొద్దు కూడా బిగించిన్నట్టే గుర్తు."

"బిగించిన్నట్టే" అంది. అంటే అనుమానం మొదలైంది.

మాట వెనక్కి తీసుకుంటున్నానని కుళాయికి చెప్పాను. కారణం అడిగింది. కారణం లేదన్నాను. జనం ఇంకా బాగా నవ్వారు. ఇక ఒక్క తిరుగుమాటే మిగిలింది.

ఇరవై మూడో రోజు

సరే, రాస్తాను. నిన్నటి తర్వాత దాచుకోవడానికి ఏం మిగిలింది?

నేను మబ్బు మీదికి ఎన్నడూ పోలేదు. ముప్పై ఏళ్ల కిందట తాడు తెగిన సంచి ఒకటి గుట్టల్లో పడితే వెతకడానికి పోయాను. దారి తప్పాను. మూడు రోజులు. ఊరి నుంచి కనపడే గుట్టల్లో, పుట్టినప్పటి నుంచి చూస్తున్న గుట్టల్లో, ఒక మబ్బుకాపరి దారి తప్పాడంటే చచ్చేదాకా నవ్వుతారు. నాలుగో రోజు దిగివచ్చేసరికి ఊరంతా నా కోసం ఏడుస్తున్నది. ఎక్కడికి పోయావంటే, సంచి నన్ను పైకి ఎత్తుకుపోయిందన్నాను. అడిగినవాళ్లు ఆ జవాబును ఎంత ఇష్టంగా పట్టుకున్నారంటే, తిరిగి లాక్కోబుద్ధి కాలేదు. పైన ఏం కనపడిందన్నారు. ఒకటి చెప్పాను. ఇంకా అన్నారు. ఇంకొకటి చెప్పాను. సముద్రం కూడా కనపడిందన్నాను, అది ఏ దిక్కున ఉందో నాకు సరిగ్గా తెలియదు. ఆ ఏడాదే కుళాయి నా మాట మార్చింది.

అబద్ధం మోయడం బరువేమీ కాదు, అలవాటైతే చొక్కాలాంటిదే. కానీ ఈ ఏడాది మోకాళ్ల నొప్పి మొదలయ్యాక ఒకటనిపించింది. ఒక్కసారి నిజంగా పోయి వస్తే చాలు, ముప్పై ఏళ్ల కిందటి అబద్ధం ముందుగా చెప్పిన నిజం అయిపోతుంది కదా అని. ఆ తెల్లవారి ఎవరూ లేరు. గంగసంచి నిండుగా దిగింది. గిలకను అరగంట తర్వాత దానంతటదే లాగేలా పెట్టి, తిత్తి అంచు మీదికి ఎక్కాను. సంచి లేవలేదు, నీళ్ల బరువూ నా బరువూ. మూత కొంచెం తిప్పాను, ఒక బిందెడు పోతే చాలనుకుని. మంచుకు వేళ్లు మొద్దుబారాయి. మూత మళ్లీ పడలేదు. నీళ్లు పోయే కొద్దీ సంచి తేలికై, లేచింది. ఆగలేదు.

దిగేసరికి కళ్లు తిరిగి, కడుపు తిరిగి, ఎదురుగా సుంకమ్మ. తాగినావా అంది. ఆ ప్రశ్నకు అవుననడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

ముప్పయ్యో రోజు

నాగవేణి పదహారు సంచుల మూతలూ విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తున్నది. మూడోసారి. బిగించాక దారం కట్టి ముడి వేస్తున్నది. అక్కడికీ నిద్రపట్టక తెల్లవారి వచ్చి ముడి ఉందో లేదో చూసుకుంటున్నదని ఉలిగన్న చెప్పాడు.

నాకు రోజూ ఏదో ఒకటి తెచ్చి ఇస్తున్నది. మొన్న అలసందలు. నిన్న మోకాళ్లకు నూనె. ఎందుకమ్మా అంటే ఏమీ లేదు తాతా అంటుంది. ఆ నూనె బాగా పనిచేస్తున్నది, అదొక బాధ.

ముప్పై ఏడో రోజు

ఈరోజు నాగవేణి వలల దగ్గరికి వచ్చి కూర్చుంది. చాలాసేపు ఒక దారపు పోగు పట్టుకుని లాగుతూ ఉండి, అప్పుడు చెప్పింది.

"నా తప్పు నీ మీద ఏసుకున్నావు తాతా. ఆ పొద్దు మాట ఎందుకు ఎనక్కి తీసుకున్నావో నాకు తెలీదనుకున్నావా? నలభయ్యో దినం పొద్దున్నే నేనే పోయి పలక మీద చెయ్యి పెడతా. మూత నాదే అని చెప్తా. నీ మాట నీకొచ్చేస్తాది."

వద్దన్నాను. నీ మూతలో తప్పు లేదన్నాను. నమ్మలేదు. నన్ను మంచివాణ్ణి అనుకుంటున్న మనిషికి నిజం చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ మాట పడిందంటే ఆమెను ఇంకెవరూ సంచి ముట్టనివ్వరు. మూత వదులు చేసిన చెయ్యి అంటుంది కుళాయి, ఆమె బతికినంతకాలం, పద్యం చదివినట్టు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. తినలేదు. తిమ్మక్క చెంబుకేసి చూసింది, గరిటెకేసి చూసింది. రెండూ పక్కన పెట్టి, ముప్పై ఎనిమిది రోజుల తర్వాత నేరుగా నాతో మాట్లాడింది.

"ఏమయ్యా. నీకు ఆ మేక యాడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నిజం పక్కన పోతాంటేనే నీకు మేకలు, మామలు, పిల్లికూనలు గుర్తొస్తాయి. నిజం చెప్పేటప్పుడు నువ్వు రెండు ముక్కలకన్నా మాట్లాడవు."

నేను నిజం చెప్పడం ఎప్పుడు చూశావని అడిగాను.

"నన్ను చేసుకుంటావా అని అడిగితివే, అప్పుడు."

తర్వాత ఆమె నా ముందు కూర్చుని, సంగటి ఆరిపోయేదాకా లేవలేదు. నేను అంతా చెప్పాను. రెండు ముక్కల్లో కాలేదు గానీ, మేక రాలేదు.

విని ఆమె మొదట అన్నది: "తాగలేదు కదా." తర్వాత అసలు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు తనకూ అదే కథ చెప్పినందుకు. పైనుంచి మన ఇంటి కప్పు మీద నేను ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా కనపడ్డాయని చెప్పావే, ఆ ఏడు మనకు మిరపే పండలేదు, నేనే ఏదో మరిచిపోయానేమో అనుకుని ఊరుకున్నా అంది. చేతికందిన గరిటె తీసింది. ఈసారి దాంతో మాట్లాడలేదు.

ముప్పై తొమ్మిదో రోజు

మూడో తిరుగుమాట. భుజం కొంచెం నొప్పిగా ఉంది, దాని సంగతి పైన రాశాను.

అదే ముగ్గురు. జనం ఈసారి ఊరంతా. మేక మళ్లీ వస్తుందని ఆశపడి వచ్చినవాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. నేను నిలబడి చెప్పాను. చెప్పినది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నా జీవితంలో నేను చెప్పిన పొట్టి కథ ఇదొక్కటే.

"ముప్పై ఏండ్ల కింద నేను పైకి పోలేదు. గుట్టల్లో దారి తప్పినా. నవ్వుతారని అబద్ధం చెప్పినా. మొన్న ఆ అబద్ధాన్ని నిజం చేసుకుందామని గంగసంచి ఎక్కినా. లేయకపోతే మూత నేనే తిప్పినా. మళ్ళ పడలేదు. నీళ్లన్నీ నా చేత్తోనే పోయినాయి. నేను తాగలేదు. నాగవేణి మూత బాగానే ఉండాది."

కూర్చున్నాను.

ఎవరూ నవ్వలేదు. నాగవేణి నాకేసి చూడలేదు. తన రెండు చేతులూ ఒళ్లో తిప్పి పెట్టుకుని, అరచేతులు చూసుకుంటూ ఉంది. చివరికి, "ఏరు?" అంది. "ఎండి మొలతాడు లెక్క కనపడ్తాదంటివే."

చూడలేదన్నాను. ఆమె తలూపింది. అంత చిన్నగా తలూపడం నేను ఎప్పుడూ చూడలేదు. ముప్పై ఏళ్లలో నేను చెప్పిన అబద్ధాలన్నిటి వెల ఆ ఒక్క తలూపులో ఉంది.

సుంకమ్మ మాత్రం లేచి నిలబడింది. "నా పురుగులు సచ్చింది నీ సరదాకా?" అంది. అవునన్నాను. తర్వాత ఎవరూ అడగనిది అడిగింది.

"మరి ఈసారి పోయినావు కదా. పైన ఏం కనపడె?"

ఇక్కడే నాకు పాత రోగం లేచింది. నాలుక చివర దాకా పెద్ద పెద్దవి వచ్చాయి. తిమ్మక్క వెనక నుంచి దగ్గింది.

"ఏమీ కనపడలేదు," అన్నాను. "మబ్బులో ఉంటే తెలుపే. నా చేతులే నాకు కనపడలేదు. ఇనపడె."

"ఏం ఇనపడె?"

"ఊరంతా. ఎవరో రోట్లో దంచుతాండ్రి. ఉలిగన్న దగ్గుతాండె. నువ్వు కోళ్లను తిడతాంటివి. పక్కనే నిలబడి తిట్టినట్టుండె. ఒక్కో మాట."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుంకమ్మ నవ్వలేదు గానీ కూర్చుంది. తాను ఏమని తిట్టిందో చెప్పమంది. చెప్పాను. నల్లపెట్టను ఏమందో కూడా చెప్పాను, అది ఇక్కడ రాసేది కాదు. "నిజమే పోయినాడు," అంది ఆమె, పక్కనున్న ఉలిగన్నతో.

అప్పుడు నాగవేణి తల ఎత్తింది. ముఖంలో కోపం అలాగే ఉంది, కానీ పనివాళ్లకు ఒక లెక్క తేడా కొట్టినప్పుడు వచ్చే చూపు కళ్లలో ఉంది.

"ఒక మాట అడగల్ల తాతా. ముందు నీళ్లు తొట్టిలోకి దించుకోని, తర్వాత ఉత్త సంచి ఎక్కింటే సరిపోయేది కదా?"

యాభై ఏళ్లు రోజూ చేసిన పని. తిత్తి దించడానికి పావుగంట పడుతుంది. ముప్పై ఏళ్ల అబద్ధం కోసం వేసిన ఎత్తులో ఆ పావుగంట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

అప్పుడు నవ్వారు. మేకకు నవ్వినదానికంటే ఎక్కువ. ఉలిగన్నకు పొలమారి, వీపు తట్టాల్సి వచ్చింది. వింతేమిటంటే, ముప్పై ఏళ్ల కిందట దేనికి భయపడి గుట్టల్లో దారి తప్పడం దాచానో, అచ్చంగా ఆ నవ్వే అది. విని చూస్తే అంత ఘోరంగా ఏమీ లేదు. చెవులు కొంచెం వేడెక్కాయి, అంతే. నాగవేణి నవ్వలేదు.

ముగ్గురూ వెళ్లి తిరిగి చెప్పారు. నాగవేణి ఆఖరున వెళ్లింది. అందరికంటే ఎక్కువసేపు ఉంది. నా మీద కోపంతో ఏదైనా వదిలేస్తుందేమో, కలుపుతుందేమో అనుకున్నాను. ఆమె ఏదీ వదలలేదు, ఏదీ కలపలేదు.

కుళాయి చదివింది. ముగ్గురివీ కలిశాయంది. ఎల్లుండి ఉదయం గడువు తీరాక, మేకతో సహా పాతవన్నీ తీసేసి ఇదొక్కటే నిలుపుతానంది.

నలభయ్యో రోజు

తెల్లవారి నాగవేణి కుళాయి దగ్గరికి వెళ్లలేదు. సంచుల దగ్గరికి వెళ్లింది. మూతలకు కట్టిన దారాలు కత్తిరించి పారేసింది. నేను వలల దగ్గర ఉన్నాను, నాకు నూనె తేలేదు. ఇంకొన్నాళ్లు తేదు. తేవాలని నాకూ లేదు.

సుంకమ్మ వచ్చి చెప్పిపోయింది. ఆమె కొత్త పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయట. అవి గూళ్లు కట్టేదాకా రోజూ పొద్దున నేను పోయి ఆకు కోసి వెయ్యాలట. ఈ ఒక్క పంటకేనా అని అడిగాను. నాలుగు పంటలు అంది. మూడుకు బేరమాడాను. నాలుగే అంది. పురుగులకు నా కథలు చెప్పొద్దని కూడా అంది, ఆకలి చచ్చిపోతుందట.

నలభై ఒకటో రోజు

పొద్దున తిమ్మక్కా నేనూ కలిసి బిందెలు తీసుకుని వెళ్లాం. మా ముందు పదకొండు మంది ఉన్నారు. తిమ్మక్క ముందు చెయ్యి పెట్టింది. కుళాయి చెప్పింది: "తిమ్మక్క. ఈ ఊళ్లో నూట ముప్పై మందికి మొదటి స్నానం చేయించిన చెయ్యి." ఆమె బిందె నింపుకుని చంకన పెట్టుకుంది, పక్కకు తప్పుకుంది, కానీ ఇంటికి పోలేదు. నా వంతు వినడానికి నిలబడింది.

నేను పలక మీద చెయ్యి ఆనించాను. "వన్నూరప్ప. ముప్పై ఏళ్లు ఒక అబద్ధం చెప్పి, ఒకరోజు దాన్ని నిజం చేయబోయి, పదిహేను ఇళ్ల నీళ్లు పారబోసినవాడు."

నీళ్లు వచ్చాయి. బిందె నిండింది. వెనకున్న ఆమె కొంచెం జరగమంది. జరిగాను.